పాత కారు – కొత్త అప్పు

మా బన్సీలాల్‌పేట్ నుండి రాణీగంజ్ వైపు కొద్ది దూరం నడిచిన చాలు, మోటారు విడిభాగాల దుకాణాలు, మెకానిక్ షెడ్లు కనిపిస్తాయి. ఇంజనాయిలు వాసన, ఇనుము చప్పుడు, ఉర్దూ తెలుగు కలగలిసిన బేరసారాలు – మా బాల్యం వీటి నడుమనే గడిచింది. ఒకప్పుడు ఆ షెడ్ల ముందు అంబాసిడర్లు, ప్రీమియర్ పద్మినులు, ఆ తరువాత మారుతీలు మరమ్మతుకై నిలిచి ఉండేవి. ఈనాడు వాటి స్థానంలో పాతిక లక్షలు పలికిన స్పోర్ట్స్ సెడాన్లు దుమ్ము కప్పుకొని పడి ఉండుట చూస్తున్నాము. వాటి యజమానులు శ్రీమంతులు కారు. మన వంటి కుటుంబాల యువకులే. ఈ విషయమై మా అభిప్రాయాన్ని పాఠకుల ముందుంచ దలచాము.

వేగాన్ని ప్రేమించుట నేరమని మేము అనము. యౌవనంలో ఆ మోజు సహజం. స్కోడా వారి ఆక్టేవియా ఆర్.ఎస్. మన దేశంలో 2004లో ప్రవేశించింది. 2017లో వచ్చిన ఆర్.ఎస్. 230 అశ్వశక్తి గలది. ధర సుమారు 25 లక్షలు. ఇటువంటి కారు కొన్ని సంవత్సరాలు నడిచిన పిమ్మట సామాన్యమైన కొత్త చిన్నకారు ధరకే లభిస్తుంటే ఎవరి మనసు చలించదు? కాని ఇచ్చటనే ఒక సత్యాన్ని గ్రహించవలసి ఉన్నది. కారు ధర ఏటేటా తగ్గుతుంది. దాని విడిభాగాల ధర మాత్రం తగ్గదు. ఐదు లక్షలకు కొన్నవాడికైనా, పాతిక లక్షలకు కొన్నవాడికైనా గేర్‌బాక్సు ఖరీదు ఒక్కటే. ఏనుగును అమ్మి అంకుశానికి పేచీ పడినట్లని మన పెద్దలు అంటారు. ఇచ్చట ఏనుగు చౌక, అంకుశమే ప్రియం.

ముందుగా గేర్‌బాక్సు సంగతి చూతము. ఈ తరగతి కార్లలో పెక్కింటికి రెండు క్లచ్చులు గల డి.ఎస్.జి. అనే స్వయంచాలక గేర్‌బాక్సు ఉంటుంది. అందు ఏడు గేర్ల పొడి క్లచ్చు రకానికి నూనెతో చల్లబడే వసతి లేదు. ప్యాట్నీ, ప్యారడైజ్ కూడళ్ళలో సాయంకాలం అంగుళం అంగుళంగా పాకే రద్దీలో ఆ క్లచ్చులు వేడెక్కి త్వరగా అరుగుతాయి. దానిని నడిపించే మెకట్రానిక్ అనే విద్యుత్ – హైడ్రాలిక్ భాగంలో ఒత్తిడి తగ్గిన ఎడల గేర్లు పడక బండి నడిరోడ్డున నిలిచిపోతుంది. 2013లో ఫోక్స్‌వాగన్ సంస్థ ఈ ఏడు గేర్ల పెట్టె గల వాహనాలను ఒక్క చైనాలోనే 3,84,181 వెనుకకు పిలిపించవలసి వచ్చింది. ఆరు గేర్ల తడి క్లచ్చు రకం ఇంతకన్న దృఢమైనదే గాని, దానికి 60,000 కిలోమీటర్లకొకసారి నూనె, ఫిల్టరు మార్చుట తప్పనిసరి. మొదటి యజమాని ఆ ఖర్చు తప్పించుకొని కారు అమ్మివేస్తే, దాని ఫలితం రెండవవాడు అనుభవిస్తాడు. మెకట్రానిక్ మార్చవలసి వస్తే ఖర్చు లక్ష రూపాయలు దాటుట సామాన్యం.

రెండవది ఇంజను. టర్బో చక్రం నిమిషానికి లక్షకు పైగా సార్లు తిరుగుతుంది. దానికి ప్రాణం ఇంజనాయిలే. నూనె మార్పు ఆలస్యం చేసినా, చౌకరకం పోసినా మొదట బలి అయ్యేది టర్బోయే. ఈ ఇంజన్లలో పెట్రోలు నేరుగా సిలిండరులోనికి చిమ్మబడుతుంది గనుక, గాలి లోనికి వచ్చే కవాటాలను పెట్రోలు కడిగే అవకాశం లేదు. వాటిపై మసి పేరుకొని బండి ఉదయం వేళ వణుకుతుంది. ప్లాస్టిక్ తొడుగు గల వాటర్ పంపు కొంతకాలానికి కారుట మరొక సాధారణ లోపం. కారుతున్న చుక్కను అశ్రద్ధ చేసిన ఎడల ఇంజను వేడెక్కి హెడ్డుకే ముప్పు వస్తుంది. ఇక మన వీధుల గుంటలలో పలుచని అంచు గల వెడల్పు టైర్లు ఉబ్బుట, సస్పెన్షన్ బుష్షులు చిరుగుట నిత్యకృత్యం.

మా బస్తీలోని ఒక మిత్రుని అన్నగారు ఇటువంటి కారు ఒకటి కొన్నారు. అది ఏ కంపెనీదో ఇచ్చట అప్రస్తుతం. ఇంటిలో చెల్లెలి చదువుకై దాచిన సొమ్ము కొంత, ఫైనాన్సు కొంత. నాలుగు నెలలు బస్తీ పిల్లలందరూ ఆ కారు చుట్టూ మూగారు. ఐదవ నెలలో గేర్‌బాక్సు మొరాయించింది. అంచనా విని ఆయన మాట రాక కూర్చుండిపోయారు. కారు షెడ్డులో ఉండగానే కంతులు మాత్రం నెలనెలా కట్టవలసి వచ్చింది. చెల్లెలు ఆ సంవత్సరం కాలేజీలో చేరలేదు. "మహంగా రోయే ఏక్ బార్, సస్తా రోయే బార్ బార్" అని వారి తల్లిగారు అన్న మాట మా చెవులలో ఇంకను మెదలుతున్నది. ఖరీదైనది కొన్నవాడు ఒక్కసారే ఏడుస్తాడు, చౌకది కొన్నవాడు మాటిమాటికీ ఏడుస్తాడు. కాని ఆ యింట ఏడ్చినది కొన్నవారొక్కరే కాదు.

ఇటువంటప్పుడు నింద మిస్త్రీల మీద వేయుట పరిపాటి. ఇది అన్యాయమని మా దృఢాభిప్రాయం. చెవితో విని ఇంజను జబ్బు చెప్పగల ఉస్తాదులు మన మధ్య ఉన్నారు. కాని ఈనాటి కారు లోపాన్ని చెప్పేది చెవికి కాదు, కంప్యూటరుకు. ఆ సాఫ్ట్‌వేరు, మరమ్మతు గ్రంథాలు తయారీదారుల అధీనంలో ఉండిపోతే ఉస్తాదు చేతులు కట్టివేసినట్లే. 2022లో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 'మరమ్మతు హక్కు' కొరకు ఒక సంఘాన్ని నియమించి, ఆ సంవత్సరం డిసెంబరులో ఒక పోర్టల్‌ను కూడ ప్రారంభించింది. హర్షింపదగినదే. కాని సమాచారం అందుబాటులో ఉంటే చాలదు. దానిని చదివి ఉపయోగించే శిక్షణ మన పిల్లలకు ఉర్దూలోను, తెలుగులోను అందవలెను. మన విద్యాసంస్థలు ఈ పని చేపట్టిన ఎడల పది షెడ్లకు బ్రతుకు, వంద కుటుంబాలకు పొదుపు.

కొనదలచిన సోదరులకు మా మనవి ఇది. చల్లబడిన ఇంజనును మీ ఎదుటనే స్టార్టు చేయించండి. సర్వీసు కాగితాలు లేని కారును తాకవద్దు. కారు ధరలో అయిదవ వంతైనా మరమ్మతుకై చేతిలో ఉంచుకొనలేని ఎడల ఆ కారు మనది కాదని తెలుసుకొనండి. పాత ఫైనాన్సు తీరిన ఎన్.ఓ.సి. చూడండి, ఆర్.సి., ఇన్సూరెన్సు వెంటనే మీ పేరున మార్పించండి. అమ్మేవారికి కూడ ఇది అవసరమే. రికార్డులో ఎవరి పేరున్నదో వారే యజమానిగా ప్రమాద నష్టపరిహారానికి బాధ్యులని సుప్రీంకోర్టు 2018లో స్పష్టం చేసింది.

మా పేటలోని మెట్లబావి అనేక సంవత్సరాలు చెత్తతో పూడి ఉండెను. ఎంతో శ్రమతో పూడిక తీసి, బాగుచేసి, 2022 డిసెంబరులో దానిని తిరిగి ప్రారంభించారు. ఏటేటా కొంచెం శుభ్రపరచి ఉంటే అంత శ్రమ పట్టేదా? కారైనా, బావియైనా, కుటుంబ పొదుపైనా నీతి ఒక్కటే. కొనుట ఒకనాటి పని, కాపాడుకొనుట ప్రతినాటి పని. ఆ రెండవదానికి శక్తి ఉన్నప్పుడే మొదటిదానికి చేయి చాపుదాము.