‘కాక్సీడియా ++’ కాగితంతో పిట్టల్ని వదలకండి!

పక్షి ప్రేమికులకు, పశువైద్య విద్యార్థులకు, అటవీ సిబ్బందికి విజ్ఞప్తి

ఈ వానాకాలం మొదట్లో పంజరాల్లో పట్టుబడిన మునియాలను చెరువు గట్టున వదిలేశారు. ఫొటోలు దిగారు, స్వేచ్ఛ మీద ఉపన్యాసాలు ఇచ్చారు. ఆ పిట్టల రెట్ట పరీక్ష కాగితం అడిగి మరీ చూశాం. అందులో ఉన్నది ఒక్క ముక్క: ‘కాక్సీడియా ++’. కాక్సీడియా అంటే పేగుల్లో చేరే ఏకకణ పరాన్నజీవుల గుంపు. అందులో ఏది అని ఎవరూ అడగలేదు. కోళ్లకు వాడే ఆంప్రోలియం పొడి నీళ్లలో కలిపి పెట్టారట, మూడో రోజు తలుపు తీసేశారట.

ఇదే కాగితం కోళ్లఫారం రైతు చేతిలో పెట్టండి, ఊరుకుంటాడేమో చూద్దాం. కోడిలో జబ్బు తెచ్చే కాక్సీడియా ఐమీరియా, దానిలో బాగా తెలిసిన జాతులు ఏడు. ‘టెనెల్లా’ అయితే సీకంలో రక్తం, ‘అసెర్వులినా’ అయితే చిన్నపేగు పైభాగం అని మన డాక్టర్లు నిద్రలో లేపి అడిగినా చెబుతారు. టీకాల్లోనూ ఏయే జాతులో చూసే కలుపుతారు. ఇంత తెలిసినవాళ్లే అడవి పిట్ట దగ్గరికి వచ్చేసరికి రెండు ప్లస్ గుర్తులతో సరిపెడుతున్నారు. ధర పలికే ప్రాణికేనా రోగం పేరు?

పాడే పిట్టల్లో ఎక్కువగా దొరికేది ఐమీరియా కాదు, ఐసోస్పోరా. దాని ఊసిస్టులో (రెట్టలో బయటపడే గుడ్డులాంటి దశ) రెండు స్పోరోసిస్టులు, ఒక్కోదానిలో నాలుగు స్పోరోజాయిట్లు. ఐమీరియాలో నాలుగు స్పోరోసిస్టులు, ఒక్కోదానిలో రెండేసి. తాజా రెట్టలో ఈ లెక్క కనబడదు, లోపల ఒక గుండ్రటి ముద్దే ఉంటుంది. రెండున్నర శాతం పొటాషియం డైక్రోమేట్‌లో పల్చగా పోసి గాలి తగలనిస్తే, మామూలు గది వేడిలో ఒకటి నుంచి మూడు రోజుల్లో లోపలి భాగాలు ఏర్పడతాయి. అప్పుడు మైక్రాన్లలో కొలిచి, స్పోరోసిస్టు కొనన ఉండే స్టీడా బాడీ ఆకారం చూసి, మిగులు రేణువులు ఎలా ఉన్నాయో గీసి జాతి తేల్చాలి. పిట్టల్ని ఎలాగూ మూడు రోజులు ఉంచుకున్నారు కదా! ఆ మూడు రోజుల్లోనే ఈ పని అయిపోయేది.

రెట్ట తీసే వేళ సంగతి సరేసరి. పిచ్చుకల్లో ఐసోస్పోరా ఊసిస్టులు మధ్యాహ్నం దాటాకే గుంపుగా బయటపడతాయని 1933లో బౌటన్ అనే పరిశోధకుడు చూపించాడు. తర్వాత ఎన్నో పిట్టల్లో అదే తేలింది. పొద్దున తొమ్మిదింటికి రెట్ట ఎత్తుకెళ్లి ‘నెగెటివ్’ అని రాసేవాళ్లది పరీక్షా, పరిహాసమా?

జాతి తెలిస్తే ఒరిగేదేమిటని దీర్ఘాలు తీసేవారికి కెనరీ పిట్టే జవాబు. 1970లలో పరిశోధకురాలు ఈడిత్ బాక్స్ ఒకే కెనరీలో రెండు ఐసోస్పోరాలను విడదీసింది. ‘కెనేరియా’ పేగులోనే పుట్టి పేగులోనే ముగుస్తుంది. ‘సెరిని’ పేగు దాటి తెల్ల రక్తకణాల్లో దూరి కాలేయం, ప్లీహం దాకా పాకుతుంది. ఆ రక్తంలోని దశనే అప్పటిదాకా ‘అటాక్సోప్లాస్మా’ అని వేరే జీవిగా చూసేవారు. మన కాగితం మీద మాత్రం రెండూ ‘++’లే! మందు పడ్డాక రెట్టలో ఊసిస్టులు తగ్గుతాయి, కణాల్లో దాక్కున్నది దాక్కున్నట్టే ఉండిపోతుంది. మన సార్లు అదే చూసి ‘నయమైంది’ అని సంతకం పెడతారు.

బాలి గోరింకను అడవికి తిరిగి పంపాలని జంతుప్రదర్శనశాలల్లో పెంచితే ఏమైంది? పెద్దవి జబ్బు పైకి కనబడకుండా మోశాయి, పిల్లలు రాలిపోయాయి. ఆ పరాన్నజీవికి ‘ఐసోస్పోరా రోత్‌షీల్డై’ అన్న పేరు 2001లో గానీ రాలేదు. చావులు ముందు, పేరు తర్వాత!

ఇక మొహమాటాలు అక్కర్లేదు. జాతి తేల్చకుండా వదిలేయడం బద్ధకం. దీనికి నూరేళ్లు పైబడిన చరిత్ర ఉంది. 1893లో లాబే పెట్టిన ‘లకాజీ’ అనే పేరును ఆ తర్వాతివాళ్లు ఏ పిట్టలో ఐసోస్పోరా కనబడితే దానికి తగిలించుకుంటూ పోయారు. కలకత్తాలో చక్రవర్తి, కర్ అనే ఇద్దరు అలా చేయలేదు. యుద్ధం నడుస్తున్న 1944లో మన గోరింకల నుంచి ‘జింజినియానా’ వంటి జాతులను వేరుగా వర్ణించారు. పీసీఆర్ లేదు, డిజిటల్ కెమెరా లేదు. అన్నీ ఉన్న మనకేం రోగం?

డబ్బు లేదంటారు. డైక్రోమేటుకు, ఊసిస్టులను పైకి తేల్చే పంచదార ద్రావణానికి, కవర్ స్లిప్పుకు లేని డబ్బు విడుదల సభ ఫ్లెక్సీకి ఎక్కడిది? అడవి పిట్టల్లో ఇవి ఎలాగూ ఉంటాయంటారు. ఉంటాయి. కానీ వేర్వేరు ఊళ్లలో వలవేసి పట్టి, ఒకే పంజరంలో కుక్కి, ఒకదాని రెట్ట మరొకటి తినేలా ఉంచిన పిట్టల్ని అడవి పిట్టలతో పోల్చకండి.

మేం అడిగేది ఇదీ. పట్టుబడిన పిట్టల రెట్టను సాయంత్రం వేళ తీయాలి. ఊసిస్టులు పక్వమయ్యాకే చూసి, కొలతలూ ఫొటోలూ జతచేయాలి. కొంత రెట్టను జన్యు పరీక్షకు పంపాలి. 18ఎస్ జన్యువు ఒక్కటే దగ్గరి జాతులను విడదీయలేదు కాబట్టి మైటోకాండ్రియాలోని సీఓఐ జన్యువు కూడా చదవాలి. చచ్చిన పిట్టను గోతిలో వేసే ముందు కాలేయం ముక్కను గాజుపలక మీద అద్ది చూడాలి. రాజేంద్రనగర్‌లో, తిరుపతిలో పశువైద్య విశ్వవిద్యాలయాలు ఉన్నాయి, హైదరాబాద్‌లోనే అంతరించిపోతున్న జాతుల పరిరక్షణ ప్రయోగశాల లాకోన్స్ ఉంది. అటవీ శాఖ వాటితో రాతపూర్వకంగా ఒప్పందం చేసుకోవాలి. ‘కాక్సీడియా ++’ అని మాత్రమే ఉన్న కాగితం మీద ఏ అధికారీ విడుదలకు సంతకం చేయకూడదు.

మీ ఊళ్లో పిట్టల విడుదలకు పిలుపొస్తే వెళ్లండి. పంజరం తలుపు తీయకముందే రెట్ట పరీక్ష కాగితం చూపించమనండి. జాతి పేరు లేకపోతే మీ అభ్యంతరం అక్కడికక్కడే రాసి, అధికారి చేతికిచ్చి, రసీదు తీసుకోండి.