ఆడవాళ్ల పోటీలు ఎవరు చూస్తారంటారా?

'ఆడవాళ్ల పోటీలకు జనం ఎక్కడొస్తారండీ?' అని నిర్వాహకులు తేలిగ్గా అనేస్తుంటారు. కిల్లింగ్టన్ సంగతి తెలిస్తే ఆ మాట అనలేరు. అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రంలో ఉందీ కొండ. 2016 నవంబర్‌లో అక్కడ ప్రపంచ కప్ స్కీ పందేలు జరిగాయి. కాళ్లకు పొడవాటి పలకలు బిగించుకుని మంచు వాలు మీంచి దూసుకొచ్చినవాళ్లంతా మహిళలే. అయినా రెండు రోజుల్లో సుమారు 30 వేలమంది వచ్చారు!

నిజానికి ఈ పందెం చూడ్డానికి ఓపిక కావాలి. గంటల తరబడి చలిలో నిలబడితే ఒక్కో అమ్మాయి కళ్లముందు కనిపించేది కాసేపే. గెలుపోటములు తేలేది ఒక్కోసారి సెకనులో వందో వంతు తేడాతో. అయినా ఆవుల మెడలో కట్టేలాంటి గంటలు మోగిస్తూ అందర్నీ ఉత్సాహపరుస్తారు.

2024 నవంబర్ 30న అక్కడే, నూరో ప్రపంచ కప్ విజయం అందుకోబోతూ మికేలా షిఫ్రిన్ పడిపోయింది. గాయంతో స్లెడ్జి మీద వెళ్తూ కూడా జనానికి చెయ్యి ఊపింది. మూడు నెలలు తిరక్కుండానే ఇటలీలోని సెస్ట్రియేర్‌లో ఆ నూరూ పూర్తిచేసింది.

పోటీ పెడితేనే కదా జనం వచ్చేది! రారని ముందే తేల్చేస్తే ఎలా? అలాగే, పెట్టినప్పుడు వెళ్లి చప్పట్లు కొట్టాల్సిన బాధ్యత మనదీనూ.