బావంచాలూ, ఎండా, పేటెంటూ

మా బాబాయిగారికి కోపం రావడానికి పెద్ద కారణం అక్కర్లేదు. మొన్న ఆదివారం వచ్చిన కోపానికి మాత్రం కాస్త కారణం ఉంది. బొల్లి మచ్చలకు మందు రాసి, దానిమీద వెలుతురు పడనిచ్చి నయం చేసే పద్ధతికి పరదేశంలో ఎవరో పేటెంటు అడిగారని ఎక్కడో విన్నారు. కాఫీ గ్లాసు ఠక్కున బల్లమీద పెట్టి, "ఇదేం దోపిడీరా! మా అమ్మ బావంచాలు నూరి మచ్చమీద పట్టించి, వీధరుగుమీద ఎండలో కూర్చోబెట్టేది. ఆ విద్య ఇవాళ వాళ్ల సొత్తయిపోయిందా?" అన్నారు.

ఆ పూట మా మేనకోడలు మా ఇంట్లోనే ఉంది. హైదరాబాదులో ఆ పిల్ల చేసే ఉద్యోగమే అది. ఎవరైనా పేటెంటు అడిగితే, ఆ సంగతి లోకానికి ఇదివరకే తెలుసునేమోనని వెదికి పెట్టడం.

"తాతయ్యా, కోపం తర్వాత. ముందు కాగితం చూపించండి" అంది.

"మా అమ్మ చేసిన వైద్యానికి కాగితమేమిటే?"

అసలు చిక్కంతా అక్కడే ఉంది సుమండీ. పేటెంటంటే, కొత్త సంగతి కనిపెట్టి దాచకుండా లోకానికి చెప్పినవాడికి సర్కారువారు దరఖాస్తు తేదీ నుంచి 20 ఏళ్లపాటు ఇచ్చే హక్కు. అది కొత్తదై ఉండాలి. ఆ విద్యలో ఆరితేరినవాడికి ఇట్టే తోచేదై ఉండకూడదు. కాబట్టి దరఖాస్తు పడిన తేదీకి ముందు లోకంలో వెల్లడైన ప్రతి పుస్తకమూ, ప్రతి వ్యాసమూ ఆ కేసులో సాక్షే.

"ఈ కేసులో సాక్షులు ఎవరున్నారు?" అన్నాను.

మేనకోడలు వేళ్లు మడిచింది. చరక సంహితలో శ్విత్రానికి, అంటే బొల్లికి, అడవి మేడి జాతి చెట్టు రసం బెల్లంతో తాగించి, రోగి ఓపికను బట్టి ఎండ కాగమన్నారు. 13వ శతాబ్దంలో ఇబ్న్ అల్ బైతార్ అనే అరబ్బు పండితుడు అమ్మి అనే మొక్క గింజలు వాడి ఎండలో ఉండమని రాశాడు. 1940లలో ఈజిప్టు శాస్త్రజ్ఞులు ఆ గింజల సారాన్ని వేరు చేశారు. కైరో వైద్యుడు ఎల్ మోఫ్తీ దాన్ని బొల్లి రోగులకు వాడి 1948లో ఫలితాలు ప్రకటించాడు. 1974లో అమెరికా వైద్యులు అదే సారాన్ని మింగించి, ఎండకు బదులు అతినీలలోహిత దీపంతో సోరియాసిస్‌కు చికిత్స చేశారు.

వీటన్నిటి గుట్టూ ఒకటే. మేడిలో, అమ్మిలో, మన బావంచాల్లో ఉండేవి సొరాలెన్లు అనే ఒకే కుటుంబం పదార్థాలు. ఆ పేరే బావంచాల మొక్క లాటిను పేరులోంచి వచ్చింది. వెలుతురు తగిలేదాకా అవి చర్మంలో ఊరకే కూర్చుంటాయి. సుమారు 320 నుంచి 400 నానోమీటర్ల కిరణాలు తగిలితే మేల్కొని పనిచేస్తాయి.

బాబాయిగారు తొడ చరిచారు. "ఇంకేం? వాడి దరఖాస్తు చెత్తబుట్టకే!"

"తొందరపడకండి తాతయ్యా. వాడు ఏమడిగాడో చూడాలి. బావంచాలూ ఎండా అని మాత్రమే అడిగితే మీ మాటే నిజం. అలాకాక ఫలానా కొలత కిరణం, ఇన్ని నిమిషాలు, ఒళ్లు కాలకుండా ఫలానా లేపనం అని అడిగితే? అవన్నీ ఒకే పాత కాగితంలో దొరికితేనే కొత్తదనం పోయినట్టు. లేదంటే, పాతవి కలిపి చూస్తే నిపుణుడికి అది ఇట్టే తోచేదేనా అని వేరే వాదం నడవాలి."

వంటింటి గుమ్మంలోంచి మా ఆవిడ అందుకుంది. "చిన్నమామయ్యగారూ, ఆ వైద్యానికి మీ చెల్లెలుగారి చెయ్యి మోచేతిదాకా బొబ్బలెక్కిన సంగతి కూడా చెప్పండి."

బాబాయిగారు ఉలిక్కిపడి ఊరుకున్నారు. నిజమే మరి. సొరాలెను, కిరణం మోతాదు మించితే చర్మం కాలుతుంది. ఏళ్ల తరబడి వాడితే చర్మ కాన్సరు భయమూ ఉంది. అందుకే ఇది వైద్యుడి కనుసన్నల్లో జరగవలసిన చికిత్స. కాలకుండా చేసే కొలత కనిపెట్టినవాడు, ఆ కొలతకు మాత్రమే హక్కు అడిగితే దాన్ని దోపిడీ అనలేం.

"అయితే నోటిమాటకు విలువే లేదా?" అన్నారు బాబాయిగారు, గొంతు తగ్గించి.

పసుపు కథ చెప్పింది పిల్ల. పసుపుతో పుండ్లు మాన్పడానికి 1995లో అమెరికాలో పేటెంటు ఇచ్చారు. పరదేశంలో జనం ఊరికే వాడుకుంటున్నారంటే అప్పటి వారి చట్టానికి చెల్లదు. అచ్చయిన సాక్ష్యం కావాలి. మన శాస్త్ర, పారిశ్రామిక పరిశోధన మండలివారు 32 ఆధారాలు సమర్పించారు. అందులో 1953 నాటి మన వైద్య పత్రిక వ్యాసమూ ఉంది. 1997లో ఆ పేటెంటు చెల్లదని తేల్చారు. 2013 నుంచి పరదేశపు వాడుకనూ అమెరికా చట్టం లెక్కలోకి తీసుకుంటోంది. మన చట్టం ఇంకా నయం. ఒక ఊరివారికో, తెగవారికో నోటిమాటగా తెలిసిన విద్య అయినా అడ్డు చెప్పవచ్చు. పేటెంటు ఇవ్వకముందు ఎవరైనా అభ్యంతరం పెట్టవచ్చు. 2001లో మొదలైన సంప్రదాయ విజ్ఞాన భాండాగారంలో పాత వైద్య గ్రంథాల యోగాలను పరదేశపు పరీక్షకులు చదువుకునేందుకు ఇంగ్లీషు, జర్మను, ఫ్రెంచి, స్పానిషు, జపాను భాషల్లోకి ఎక్కించారు.

"మా అమ్మ చిట్కాల పుస్తకం భోషాణంలో ఉండాలి" అన్నారు బాబాయిగారు మెల్లగా.

"భోషాణంలో ఉన్నది లోకానికి తెలిసినట్టు కాదు తాతయ్యా" అంది పిల్ల. "అయినా తీయండి, చూద్దాం."

సాయంత్రం పుస్తకం దొరికింది. బావంచాల పేజీ కూడా ఉంది. నూరవలసిన తీరూ, పట్టించవలసిన తీరూ చక్కటి అక్షరాలతో రాసి ఉన్నాయి. ఎండలో ఎంతసేపు ఉంచాలో రాసినచోట మాత్రం చెదలు తినేశాయి. బాబాయిగారు ఆ చిల్లుమీద వేలు పెట్టి చాలాసేపు చూశారు.

మీ ఇంటి భోషాణం తెరిచి ఎన్నాళ్లయింది?