ఏ మందుకు ఆ డబ్బానే

పోయిన నెల చద్దర్ల రంగు గురించి రాస్తే, డయింగ్‌లో పనిచేసే ఒక చెల్లె అడిగింది: "అన్నా, హైడ్రోస్ డ్రమ్ము మూత కాసేపు తీసి పెడితే మా సేటు ఎందుకంత అరుస్తడు?"

సేటు అరిచేది పైసల కోసమే కావచ్చు, మాట మాత్రం నిజం. వ్యాట్ రంగు నూలుకు పట్టాలంటే కాస్టిక్, హైడ్రోస్ రెండూ కావాలె. హైడ్రోస్‌కు గాలి పడదు, తడి అసలే పడదు. మూత తెరిచి పెడితే బలం పోతది. తర్వాత అదే తూకం వేసినా రంగు సరిగ్గా కరగదు, నూలు మచ్చలు మచ్చలుగా వస్తది. అది చిన్న నష్టం. డ్రమ్ములో కొన్ని నీళ్లు పడితే దానంతట అదే వేడెక్కి, పొగలొచ్చి అంటుకుంటది. అందుకే లోపల ప్లాస్టిక్ సంచి మూతి కట్టి ఇనుప డ్రమ్ములో పంపుతారు. తడి చేత్తో, తడి చెంచాతో తీయొద్దు. వానకాలం డ్రమ్మును నేల మీద కాదు, చెక్కల మీద పెట్టాలె.

పెరాక్సైడ్ గుణం వేరు. ఊరికే ఉన్నా మెల్లమెల్లగా ఆక్సిజన్ వదులుతనే ఉంటది. క్యాన్ మూతకు చిన్న రంధ్రం అందుకే. కారుతున్నదని గట్టి మూత బిగిస్తే క్యాన్ ఉబ్బి పగులుతది. ఎండ తగలొద్దు, తుప్పు రవ్వ పడొద్దు. బకెట్‌లో మిగిలింది మళ్లీ క్యాన్‌లో పోయడం మన దగ్గర అలవాటు, అది మానాలె.

కాస్టిక్ అల్యూమినియం గిన్నెను తినేస్తది. గాజు సీసాకు గాజు బిరడా పెడితే రెండూ అతుక్కుపోతయి, అందుకే ల్యాబులో ప్లాస్టిక్ సీసా వాడుతారు. మూత లేకుంటే పలుకులు గాలిలో చెమ్మ తాగి ముద్దయితయి.

ఇవన్నీ కార్ఖానా సంగతులు. నాకు ఎక్కువ భయం ఇంటికొచ్చే సీసాలది. మోరీ కడగడానికని కాస్టిక్ నీళ్లు, యాసిడ్ కూల్‌డ్రింకు సీసాలో తెచ్చి మూలకు పెడతారు. చూస్తే నీళ్లే. చీటీ అంటించినం అంటారు. చదువు రాని పిల్లకు చీటీ ఏం చెప్తది? ఒక్క గుటకతో గొంతు, లోపలి దారి కాలుతయి. పిల్ల బతికినా, ఆ పుండు మానేటప్పుడు దారి ఇరుకై మెతుకు దిగదు.

ఎవరన్నా తాగితే కక్కించొద్దు, వచ్చేటప్పుడు మళ్లీ కాలుస్తది. నిమ్మరసం గిట్ల పోయొద్దు. నోరు నీళ్లతో కడిగించి, ఆ సీసాను కూడా పట్టుకొని వెంటనే ఆసుపత్రికి ఉరకాలె. ఏం తాగిందో డాక్టరుకు ఆ సీసానే చెప్తది.