సుఖమునకు వేళ్ళెక్కడ నున్నవి?

నగరమున ఎన్నికలు ముగిసిన మరునాడు మన పత్రికలలో తప్పక కనబడు వ్యాఖ్య యొకటి కలదు: చదువుకొన్నవారు, సంపాదించుకొన్నవారు సెలవు దినమును హాయిగా అనుభవించిరే కాని పోలింగు కేంద్రము మొగము చూడలేదని. హైదరాబాదు మహానగరపాలక సంస్థకు 2009, 2016, 2020 సంవత్సరములలో జరిగిన ఎన్నికలలో ఒక్కమారైనను ఓటర్లలో సగము మంది కదలి రాలేదు. 2023 శాసనసభ ఎన్నికలలో మునుగోడు తొంబది శాతమును దాటగా, రాజధానిలోని నియోజకవర్గములు పెక్కు సగమునకు అటునిటుగా ఆగిపోయినవి. ఈ అంకెలను చూపి, కడుపు నిండినవానికి రాజకీయము రుచింపదనియు, సుఖము మనుష్యుని పిరికివానిగా చేయుననియు పెద్దలు తేల్చివేయుదురు. ఆ మాటలో నిజము లేకపోలేదు గాని, ఉన్నది సగమే; ఏలయన ఆ 2023లోనే రాష్ట్రమునకెల్ల అట్టడుగున నిలిచి, నలువది శాతమునైనను అందుకొనలేకపోయినది పాతబస్తీలోని యాకుత్‌పురా; అది భోగపురుషుల నివాసమని ఆ గల్లీలలో ఒక్కపూట తిరిగినవాడెవ్వడును అనజాలడు. ఇల్లు మారినవారి పేర్లు, కాలము చేసినవారి పేర్లు తొలగింపని జాబితాలు శాతములను క్రిందికి లాగుననుటయు, పల్లెలలో ఓటరును కేంద్రమునకు నడిపించునది పౌరధర్మమొక్కటియే కాదనుటయు లోకమెరిగిన విషయములే.

ఓటు సంగతి అటుండనిండు. అది ఒక పూట పని. పని మాని, రాబడి వదలుకొని, లాఠీకో జైలుకో సిద్ధపడి నెలల తరబడి నిలుచుట రాజకీయ చర్యకు అసలైన గీటురాయి. ఆ గీటురాయిపై చూచినచో చరిత్ర మన పెద్దల తీర్పును సమర్థింపదు. ఫ్రెంచి విప్లవమును గూర్చి 1856లో గ్రంథము వెలువరించిన టోక్విల్, అతి దీనస్థితిలో నున్న ప్రాంతములలో గాక, బ్రతుకు కొంత మెరుగుపడిన ప్రాంతములలోనే ఆ జ్వాల ముందుగా రగిలినదని చూపెను. ఇరువదవ శతాబ్దపు రైతు యుద్ధములను పరిశీలించిన ఎరిక్ వుల్ఫ్, ఏమియు లేని కూలికంటె తన కాళ్ళపై తాను నిలువగల మధ్యతరగతి రైతే తిరుగుబాటునకు ముందు నడచినాడని 1969లో వ్రాసెను. అయినను మనము పారిసు దాక పోనక్కరలేదు; చీరాల దాక పోయిన చాలును.

చీరాల, పేరాల నేతకును వర్తకమునకును పేరుపడిన జంట గ్రామములు. 1919లో మద్రాసు ప్రభుత్వము ఆ రెంటిని కలిపి పురపాలక సంఘముగా ప్రకటించుటతో పన్నుల భారము ఒక్కుమ్మడిగా ఎన్నో రెట్లు పెరిగెను. మహజర్లు పంపిరి, పన్ను కట్టుట మానిరి, కొందరు జైలుకును పోయిరి. 1921 వేసవిలో, గాంధీ చీరాలకు వచ్చి పోయిన పిమ్మట, దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వమున సుమారు 15,000 జనాభాలో అత్యధికులు ఇండ్లకు తాళములు వేసి, పురపాలక సంఘపు ఎల్లను దాటి, రామనగరమను పేర వేసికొన్న గుడిసెలలోనికి తరలిపోయి, ఎండకు ఎండుచు, వానకు తడియుచు, పదునొకండు నెలలు కాపురములు చేసిరి. ఆ తరలినవారిలో సొంత ఇల్లును, సొంత మగ్గమును, సొంత దుకాణమును కలవారు పెక్కురుండిరి. తాళము వేయుటకు తలుపంటూ ఉన్నవానికే ఇట్టి త్యాగము సాధ్యము. వారిని కదలించినది దారిద్ర్యము కాదు, సుఖమును కాదు; పన్ను అందరి గడపకును ఒక్కతీరున రావడమే. కోమటికి ఒక మునిసిపాలిటీ, సాలెకు మరియొక మునిసిపాలిటీ లేదు. ఉన్నదానితో విసిగినవాడు వేరొకటి కొనుక్కొని తెచ్చుకొనుటకు అది అంగడిలో దొరకు వస్తువును కాదు. కావున ఇద్దరును ఒక్క పందిరి క్రింద కూర్చుండిరి. దుగ్గిరాల జైలు పాలై, చేతిలోని డబ్బు అయిపోయి, చివరకు వారు తిరిగి వచ్చి పన్ను కట్టవలసివచ్చిన మాట వాస్తవమే గాని, పదునొకండు నెలల ఆ పట్టుదలను ఓటమి యను ఒక్క మాటతో కొలువరాదు.

ఆ మరుసటి సంవత్సరారంభముననే పెదనందిపాడు ఫిర్కాలో పర్వతనేని వీరయ్య చౌదరి వెంట నడచి శిస్తు నిరాకరించినవారును భూమిగల రైతులే. గ్రామోద్యోగులు ఉద్యోగములకు రాజీనామా లిచ్చిరి. తెలంగాణమున విసునూరు దేశముఖు మనుష్యులు పంటను ఎత్తుకొనిపోవ వచ్చినపుడు ఎదురు నిలిచిన చాకలి ఐలమ్మ నిరుపేదయే. అయినను ఆమె చేతిలో కౌలు చేనొకటి, దానిపై పండిన పంట యొకటి ఉన్నవి, ప్రక్కన సంఘమున్నది. కాపాడుకొనుటకు ఏదియు లేనివాడు నిట్టూర్పు విడుచును. కొంత ఉండి, దానిని ఒకడు లాగుకొనవచ్చినపుడు మనుష్యుడు లేచి నిలబడును.

సమీపకాలపు నిదర్శనము మరింత విస్పష్టము. 2011 సెప్టెంబరు 13 నుండి 42 దినములు తెలంగాణమున ప్రత్యేక రాష్ట్రము కొఱకు సకల జనుల సమ్మె జరిగెను. 2013లో సమైక్య రాష్ట్రము కొఱకు సీమాంధ్ర ఉద్యోగులు 66 దినములు విధులకు పోలేదు. లక్ష్యములు పరస్పర విరుద్ధములు, సాధనమొక్కటే. ఒకటవ తారీఖున జీతము పడు గుమాస్తా, ఉపాధ్యాయుడు, ఆర్టీసీ కండక్టరు, సింగరేణి కార్మికుడు పూట గడవనివారు కారు. మన సంఘములో అనేకులు అసూయతో చూచు జీవితములు వారివి. దసరా పండుగ ముంగిట జీతము రాదని తెలిసియు వారేల నిలిచిరి? అదే కాలమున వారికంటె హెచ్చు జీతము తెచ్చుకొను మాధాపూరు సాఫ్ట్‌వేరు యువకులు, కొందరు ర్యాలీలలో కనబడినను, మొత్తము మీద కంప్యూటరు ముందునుండి లేవలేదేల? ధైర్యమున తేడా యనుట అన్యాయము. ఉద్యోగి సుఖము ప్రభుత్వమనెడి ఉమ్మడి భూమిలో పాతుకొని యున్నది: జోనల్ నిబంధనలు, 610 జీవో, ప్రమోషన్ల జాబితా, పిల్లలకు రాబోవు పోస్టులు, రాజధాని ఎవరిదను ప్రశ్న. ఆ భూమి కదలినచో అతని సుఖమే కదలును. సాఫ్ట్‌వేరు యువకుని సుఖమునకు వేళ్ళు మరెక్కడనో న్యూజెర్సీ కంపెనీ కాంట్రాక్టులో నుండెను. సచివాలయమున ఎవరు కూర్చుండినను ఆ జీతము వచ్చి పడును.

ఢిల్లీ సరిహద్దులలో 2020 నవంబరు నుండి ఏడాదికి పైగా బైఠాయించి మూడు వ్యవసాయ చట్టములను వెనుకకు తీసికొనునట్లు చేసిన పంజాబు రైతును చూడుడు. ట్రాక్టరున్నవాడు, ట్రాలీలో పరుపు పరచుకొని ఆరు నెలల తిండిగింజలతో రాగలిగినవాడు. ఆ కలిమియే అతనికి ఆయుధమైనది. కాని అతని కలిమి గోధుమకును వరికిని మద్దతు ధర చెల్లించి కొను మండీ వ్యవస్థపై నిలిచినది; మండీకి ముప్పు వచ్చినదని అతడు తలచిన దినముననే రోడ్డెక్కెను.

అందుచేత నా వాదము ఇది: సుఖమెంత యనుట ప్రధానము కాదు, సుఖమునకు వేళ్ళెక్కడ నున్నవనుట ప్రధానము. ఉమ్మడి వస్తువుపై నిలిచిన సుఖము మనుష్యుని సంఘములోనికి లాగును. విడిగా కొని తెచ్చుకొన్న సుఖము అతనిని సంఘమునుండి సభ్యత కోల్పోకుండగనే తప్పించును.

1908 మూసీ వరదల అనంతరము గండిపేట చెరువు కట్టి 1920 నాటికి నగరమునకు నీరందించినపుడు, ఆ నీటినే నవాబును త్రాగెను, కూలివాడును త్రాగెను. నేటి నడిమి తరగతి అపార్టుమెంటు సంగతి చూడుడు. ఉదయమున ట్యాంకరు వచ్చి గేటు ముందు నిలుచును. వాచ్‌మన్ నోటుపుస్తకములో బండి నెంబరును, వేళను వ్రాసికొని, గొట్టమును సంపులోనికి దించును. త్రాగుటకు 20 లీటర్ల క్యాను వేరుగా వచ్చును, వంటింటిలో ఆర్వో యంత్రము మరియొకటి. కరెంటు పోయిన అర నిమిషములో సెల్లారులో జనరేటరు గుర్రుమనును. పిల్లల కొఱకు పసుపుపచ్చ బస్సు, జబ్బునకు కార్పొరేటు ఆసుపత్రి కార్డు, భద్రతకు ప్రైవేటు కాపలా. వీనిలో దేనిని విడిగా చూచినను గృహస్థుని వివేకమే కనబడును; మునిసిపల్ కుళాయి బాగుపడువరకు బిడ్డలను దప్పికతో ఉంచుమని ఎవడనగలడు? కాని అన్నియు కలిసినపుడు ఆ గృహస్థుడు తన వీధికి తానే పరదేశి యగుచున్నాడు.

ఆల్బర్ట్ హర్ష్‌మన్ అను ఆర్థికవేత్త 1970లో వెలువరించిన ప్రసిద్ధ గ్రంథమునకు బీజము నైజీరియా రైళ్ళలో దొరకినది. లారీల పోటీ వచ్చిన పిదపనైనను రైల్వే బాగుపడవలసినది, కాని బాగుపడలేదు. ఏలయన గట్టిగా అరువగలిగిన ఖాతాదారులే మొట్టమొదట లారీలకు మరలిపోయిరి, మిగిలినవారి గొంతు అధికారులకు వినబడలేదు. మన ప్రభుత్వ పాఠశాలకు, పట్టణపు కుళాయికి, జిల్లా ఆసుపత్రికి పట్టిన గతి ఇదియే. తహశీల్దారు కొడుకు చదివినంతకాలము ఆ బడి పైకప్పు కురిసిన మరునాడే మేస్త్రీ వచ్చెడివాడు. ప్రభుత్వమునకు ఇది నష్టమని తలచువారు పొరబడుచున్నారు: ఫిర్యాదు చేయు నేర్పుగలవాడు తన డబ్బుతో తానే తప్పుకొనిపోవుట ఏ ప్రభుత్వమునకైనను మహోపకారము.

నడిమి తరగతివానిలో రాజకీయేచ్ఛ చచ్చినదనువారు ఒక్క ఆదివారము అపార్టుమెంటు సర్వసభ్య సమావేశమునకు పోయి కూర్చుండవలెను. పార్కింగు గడి ఎవరిది, లిఫ్టు నిర్వహణ కాంట్రాక్టు ఎవరికి, కార్పస్ నిధి వడ్డీ ఎటు పోయినది, అద్దెకున్నవారికి ఓటు హక్కు కలదా లేదా! వార్డు కార్పొరేటరు పేరెరుగని విశ్రాంత ఇంజనీరుగారు బైలా సంఖ్యతో సహా ఉటంకించి కోశాధికారిని నిలదీయుదురు. రెండవ అంతస్తు ఇల్లాలు మూడేండ్ల రసీదులు సంచిలో పెట్టుకొని వచ్చియుండును. అక్కడ కోరమున్నది, ప్రతిపక్షమున్నది, వాకౌట్ కూడ నున్నది. రాజ్యాంగ 74వ సవరణ జనాభా మూడు లక్షలు గాని అంతకు మించి గాని ఉన్న నగరములకు వార్డు కమిటీలను విధించినది; ఆ కమిటీ తమ వార్డులో ఉన్నదో లేదో ఈ ఉత్సాహవంతులలో నూటికొకరైనను అడిగి చూచిరా యని నా సందేహము. ఆవేశము ఇంకిపోలేదు, గేటు లోపలికి వచ్చి చేరినది.

విడిగా కొనుక్కొనుట మొదటి పాశము; ఇక రెండవ పాశము అప్పు. ఇరువదేండ్ల ఇంటి ఋణము, కారు వాయిదా, పిల్లవాని విదేశీ చదువు కొఱకు కుదువబెట్టిన పొలము. ఈనాటి సుఖము ఈనాటిది కాదు, రాబోవు ఇరువదేండ్ల జీతమును ముందుగా తెచ్చుకొన్నది. 1921లో మద్రాసులో పెద్ద రాబడిగల బారిస్టరు టంగుటూరి ప్రకాశము ప్రాక్టీసు వదలినపుడు త్యాగము చేసినది తన సంపాదనను. నేటి ఉద్యోగి ఒక్క నెల తప్పిన బ్యాంకు ఫోను మ్రోగును. హాస్టలునుండి ఏదో ధర్నాకు పోయితినని చెప్పిన కొడుకుతో తల్లి యనెడి మాట తెలుగునాట ఏ యింటనైన వినవచ్చును: “కేసు పడితే పాస్‌పోర్టు రాదురా, నాయనా, ఆ గుంపులోకి పోకు.” ఆమెది పిరికితనము కాదు; పోలీసు వెరిఫికేషను ఎట్లుండునో ఎరిగిన లోకజ్ఞానము. ఆ కొడుకు అమెరికా చేరి హెచ్1బీ వీసాపై స్థిరపడినను, ఉద్యోగము పోయిన 60 దినములలో వేరొక దారి చూచుకొననిచో దేశము విడువవలసిన స్థితిలో నున్నవాడు ఆ దేశపు వీధిలో నోరు విప్పుట కల్ల.

పేదలకు ఖాతాలలో నేరుగా సొమ్ము వేయు పథకములను నేను నిందింపను. ఆకలికి అన్నము అన్నిటికంటె ముందు. కాని ఆ సొమ్ము ఎవరికి వారికి విడివిడిగా ఫోనులో మ్రోగును గాని నలుగురిని ఒకచోట చేర్చదు. చేర్చునది జాబితాలో పేరు గల్లంతైన దినమొక్కటే. పైవాడు కొనుక్కొని విడిపోవుచున్నాడు, క్రిందివాడు పంపిణీతో విడిపోవుచున్నాడు.

కలసి నిలుచుటకు మార్గమేమని అడిగినచో, ఉపన్యాసములతో నడిమి తరగతిని మేల్కొలుపవచ్చునను నమ్మకము నాకు లేదు. పై స్థితివారి సుఖములో కొంత భాగమునైనను తిరిగి ఉమ్మడి వస్తువునకు ముడివేయుట యొక్కటే దారిగా తోచుచున్నది. 2015 ఆగస్టులో అలహాబాదు హైకోర్టు సరిగా ఈ పనియే చేయబూనెను: ప్రభుత్వ ఖజానానుండి జీతభత్యములు పొందు అధికారులు, ప్రజాప్రతినిధులు, న్యాయాధికారులు తమ పిల్లలను ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలకే పంపునట్లు ఏర్పాటు చేయుమని ఉత్తరప్రదేశ్ ప్రభుత్వమును ఆదేశించినది. ప్రభుత్వములు మారినవి, పదేండ్లు దాటినవి. ఆ ఆదేశము మాత్రము ఆచరణలోనికి రాలేదు. ఏ విషయమునను ఏకీభవింపని పక్షములు ఈ యొక్క విషయమున చూపిన ఐకమత్యమును గమనించినవారు, సుఖపడువారికి రాజకీయ చర్య చేతకాదని మరియొకమారు అనకుందురుగాక.