దాచిన లెక్క ఎవరిని కాపాడుతుంది?

1986 ఏప్రిల్ 5న అమెరికాలోని లీహై విశ్వవిద్యాలయంలో 19 ఏళ్ల జీన్ క్లీరీ తన హాస్టల్ గదిలోనే హత్యకు గురైంది. అంతకుముందు అక్కడ జరిగిన నేరాల గురించి తమకెవరూ చెప్పలేదని తల్లిదండ్రులు పోరాడారు. 1990లో చట్టం వచ్చింది. ప్రభుత్వ ఆర్థిక సాయం పొందే కళాశాలలు ఏటా అక్టోబర్ 1లోగా మూడేళ్ల నేరాల లెక్క ప్రచురించాలి.

మన దేశంలో 2013 చట్టం ప్రకారం లైంగిక వేధింపుల ఫిర్యాదుల సంఖ్య యాజమాన్యానికి, జిల్లా అధికారికి చేరుతుంది. తల్లిదండ్రులకు పంపాలన్న నిబంధన అందులో లేదు.

మేము కోరేది ఒక్కటే: బాధితుల పేర్లు గోప్యంగా ఉంచండి, సంఖ్య బయటపెట్టండి. ‘సున్నా’ అంటే నేరం లేదని కాదు, చెప్పుకునే ధైర్యం లేదని కూడా కావచ్చు. యువతీ యువకులారా, అడ్మిషన్ రోజు ఫీజు వివరాలతోపాటు ఈ లెక్క కూడా అడుగుదాం.