లింకన్ పాఠంలో సూరత్

సూరత్ దక్షిణ శివారులో, సచిన్ పారిశ్రామికవాడకు వెళ్లే దారిలో ఉంటుంది ఉన్. బతుకుతెరువు కోసం వలస వచ్చిన వాళ్లతో నిండిన ప్రాంతం. ఈ నగరానికి తెలంగాణ జిల్లాల నుంచి నేత కుటుంబాలు దశాబ్దాలుగా వస్తూనే ఉన్నాయి. తెలుగువాళ్లు ఎక్కువగా కనిపించేది లింబాయత్‌లో. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమం బడులు కూడా నడిపిందంటే వారి సంఖ్య ఊహించవచ్చు. ఆ పిల్లలకు అబ్రహాం లింకన్ గురించి చెప్పాల్సి వస్తే, పాఠాన్ని సూరత్ నుంచే మొదలుపెట్టవచ్చు.

1861 ఏప్రిల్‌లో అంతర్యుద్ధం మొదలవగానే లింకన్ దక్షిణాది ఓడరేవులను దిగ్బంధించాడు. బ్రిటన్ మిల్లులకు కావలసిన పత్తిలో సుమారు నాలుగింట మూడు వంతులు అక్కడిదే, బానిసలు పండించిందే. అది ఆగేసరికి లాంకషైర్‌లో మిల్లులు మూతపడ్డాయి. వ్యాపారులు భారతీయ పత్తి కోసం ఎగబడ్డారు. దానికి అక్కడి పేరు 'సూరత్'. పొట్టి పింజ, మాటిమాటికీ తెగే పోగు. నాసిరకం సరుకు ఏదైనా సరే 'సూరత్' అని ఈసడించడం అలవాటైంది. అయినా ఆకలితో ఉన్న మాంచెస్టర్ కార్మికులు 1862 డిసెంబర్ 31న సభ పెట్టి బానిసత్వంపై పోరాటానికే మద్దతు పలికారు. ఆ త్యాగాన్ని మెచ్చుకుంటూ లింకన్ మరుసటి నెలలో జవాబు రాశాడు.

ఇక్కడ మాత్రం కాసుల వర్షం. సూరత్‌లో పుట్టిన ప్రేమ్‌చంద్ రాయ్‌చంద్ బొంబాయిలో పత్తికీ, షేర్లకూ మకుటం లేని మహారాజయ్యాడు. 1865 ఏప్రిల్ 9న దక్షిణాది సేనాని లీ లొంగిపోయాడు. పత్తి ధర కుప్పకూలింది. జులై 1న బాకీల గడువు తీరేసరికి బొంబాయి ధనికులెందరో దివాలా తీశారు.

లింకన్ చేసింది న్యాయమే. కానీ న్యాయమైన మలుపుకైనా ఎవరో ఒకరు మూల్యం చెల్లించాలి. ఆ సంగతి బ్రిటన్‌కు కాస్త ఆలస్యంగానైనా అర్థమైంది. 1863లో చట్టం చేసి, పని పోయిన మిల్లు కార్మికులకు రోడ్లు, మురుగు కాల్వల పనులు కల్పించింది.

2025 ఆగస్టులో ట్రంప్ చాలా భారతీయ సరుకులపై సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు సూరత్ వజ్రాల పరిశ్రమ ఉలిక్కిపడింది. లింకన్ ఆశయానికీ ట్రంప్ బేరానికీ పోలికే లేదు. అయితే వాషింగ్టన్‌లో సంతకం పడితే సూరత్‌లో పని ఆగే తీరు మాత్రం మారలేదు. నేసిన మీటర్ల లెక్కన కూలి తీసుకునే మరమగ్గం కార్మికుడికి మగ్గం ఆగితే ఆ రోజు కూలి సున్నా. లాంకషైర్ 1863లో నేర్చుకున్న పాఠాన్ని మనం ఇంకెప్పుడు నేర్చుకుంటాం?